నా మెషీన్లో బానే ఉంది

మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినపడే తెలుగు వాక్యాలకి పోటీ పెడితే మొదటి బహుమతి "నా మెషీన్లో బానే ఉందే!" అన్నదానికే ఇవ్వాలి. వెబ్ పేజీ తయారుచేసినవాడూ అదే అంటాడు, హాష్ టేబుల్ నాలుగు రెట్లు స్పీడయిందని స్లైడు చూపించేవాడూ అదే అంటాడు. మొదటివాణ్ణి అందరం ఏడిపిస్తాం. రెండోవాడికి చప్పట్లు కొడతాం. నా ఉద్దేశంలో ఇద్దరిదీ ఒకటే రోగం.

ముందు బ్రౌజర్ల సంగతి. పాతకాపులకి గుర్తుండే ఉంటుంది, విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనపడాలంటే రీజినల్ సెట్టింగుల్లోకెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెట్టి, సీడీ వెతుక్కుని పెట్టాల్సొచ్చేది. అదయ్యాక ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో గౌతమి ఖతితో పేజీ ముచ్చటగా వచ్చేది. అదే పేజీని ఫైర్‌ఫాక్స్ 2లో తెరిస్తే, పేరాని రెండువైపులా సమంగా సర్దమని స్టైల్‌షీట్లో రాసి ఉన్న పాపానికి, గుణింతాలు ఒకచోట, అక్షరాలు ఒకచోట చెల్లాచెదురయ్యేవి. లినక్స్ వాళ్ళ తిప్పలు వేరు. మొజిల్లా సైటు నుంచి దించుకున్న ఫైర్‌ఫాక్స్‌లో ప్యాంగో ఉండేది కాదు, అందుకని వత్తులు కింద కూర్చోకుండా పక్కన నిలబడేవి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చాక ఈ గోల చాలావరకూ తగ్గింది.

ఇప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నీ అక్షరాలు పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ వాడుతున్నాయి. యాపిల్ వాళ్ళది సొంత వంట. మన దేశంలో ఐఫోన్లో మీరు క్రోమ్ వేసుకున్నా లోపల ఉండేది సఫారీ ఇంజనే, కాబట్టి "ఐఫోన్ క్రోమ్‌లో కూడా చూశాం సార్" అంటే ఒకే బ్రౌజర్ని రెండు బొమ్మల్తో చూసినట్టు.

ఇంజన్లు బాగుపడ్డాయి కదా అని గొడవ తీరిపోలేదు. ఖతి మారితే ఎత్తు మారుతుంది. విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్లో నోటో, యాపిల్లో కోహినూర్, ఎవరి కొలతలు వాళ్ళవి. ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని డిజైనర్ వరుసల మధ్య దూరం బిగించేస్తాడు, మిగిలింది దాచెయ్యమని పెట్టెకి చెప్తాడు. అందులో "స్త్రీ" అని రాయండి. ఒక మెషీన్లో నిండుగా ఉంటుంది, ఇంకోదాంట్లో కింది వత్తు సగం తెగిపోతుంది. మనకి కంటికి ఒక్క అక్షరం గానీ యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. "పేరు 20 బైట్లు మించకూడదు" అని డేటాబేస్‌లో రాసినవాడికి ఈ సంగతి చెప్పి చూడండి, మొహం ఎలా పెడతాడో.

ఇంతమంది తెలుగు ఇంజనీర్లం ఉన్నాం కదా, మన పేజీల్ని తెలుగులో ఎవరు పరీక్షిస్తున్నారు? నేను చూసినంతలో రిలీజుకి ముందురోజు సాయంత్రం "తెలుగు కూడా ఓసారి చూసెయ్" అని కొత్తగా చేరిన అబ్బాయికి చెప్తారు. వాడు క్రోమ్ తెరుస్తాడు, డబ్బాలు కనపడకపోతే పాస్ అని రాస్తాడు. వాణ్ణనడానికేం లేదు, అంతకంటే చూడమని ఎవరూ అడగలేదు మరి.

తెలుగు వల్ల ప్రపంచం ఉలిక్కిపడింది ఒక్కసారే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం మధ్యలో కనపడని విడదీసే సంకేతం ఒకటి పెట్టి పంపిస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో అది చూపించబోయిన యాప్ కూలిపోయేది. రోజుల్లోనే 11.2.6 వచ్చింది. జ్ఞానానికి అంత బలం ఉందని మా తెలుగు మాస్టారు ఊరికే అనలేదు :) అందరి ఫోన్లూ కూలితే పరుగెత్తుకొచ్చి సరిచేశారు. వత్తు తెగితే ఎవరొస్తారు? మనమే రావాలి.

ఇక బెంచ్‌మార్కులు. దీన్ని అచ్చతెలుగులో "పలు దారాలతో హాష్ పట్టికను కొలవడం" అని రాద్దామనుకుని, టైలర్ షాపు గుర్తొచ్చి మానుకున్నాను.

ఒక థ్రెడ్డుతో కొలిచారు, ఎనిమిది థ్రెడ్లతో కొలిచారు, గ్రాఫు పైకి వెళ్ళట్లేదు, కాబట్టి హాష్ టేబుల్ చెత్తది అని తేల్చేశారు. కోడు తెరిచి చూస్తే ప్రతి థ్రెడ్డూ కీ కోసం ర్యాండ్ ఫంక్షన్ని పిలుస్తోంది. లినక్స్ జీలిబ్‌సీలో ఆ ఫంక్షన్ లోపల ఒక తాళం ఉంటుంది. అంటే ఎనిమిది థ్రెడ్లూ క్యూ కట్టింది టేబుల్ ముందు కాదు, ర్యాండ్ ముందు! జావాలో మ్యాథ్ ర్యాండమ్‌ది కూడా దాదాపు ఇదే కథ, అన్ని థ్రెడ్లూ ఒకే విత్తనం కోసం కొట్టుకుంటాయి. అందుకే 2011లో జావా 7తో థ్రెడ్‌లోకల్ ర్యాండమ్ అని వేరేగా ఇచ్చారు. కీలన్నీ ముందే తయారుచేసుకుని థ్రెడ్డుకి ఇంత అని పంచేసి, అప్పుడు గడియారం మొదలుపెడితే పోయేదానికి ఇంత రభస. సీ ప్లస్ ప్లస్‌లో అయితే చేర్చిన ప్రతిసారీ మెమరీ అడగాలి, అక్కడ మ్యాలక్ ఖర్చు కూడా టేబుల్ ఖాతాలోనే పడుతుంది.

కీలు ఎలా పంచుకున్నాయన్నది ఇంకా పెద్ద విషయం. మా హబ్సిగూడలో వీధులకి నంబర్లున్నాయి. మ్యాపులో చూస్తే జనం సమానంగా సర్దుకున్నట్టే ఉంటుంది. సాయంత్రం వచ్చి చూడండి, షాపులు, తిండి అన్నీ ఉన్న స్ట్రీట్ నంబర్ 8లో బండి కదలదు, పక్క వీధుల్లో కుక్కలు నిద్రపోతుంటాయి. బకెట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, జనం ఎక్కడికి వెళ్తున్నారన్నది ముఖ్యం. అన్ని కీలూ సమానంగా వచ్చే బెంచ్‌మార్క్ ఆదివారం తెల్లవారుజామున నాచారం రోడ్డు కలిసే జంక్షన్ దగ్గర నిలబడి, హబ్సిగూడలో ట్రాఫిక్కే లేదని రాసినట్టుంటుంది. అసలు వాడకంలో కొన్ని కీల మీదే జనమంతా పడతారు. అక్కడ తాళం ఒక్కటే అయితే థ్రెడ్లు పెంచేకొద్దీ వేగం ఒక థ్రెడ్డుకంటే కూడా కిందకి పోవచ్చు, ఎందుకంటే ఆ తాళం ఉన్న 64 బైట్ల క్యాష్ లైను ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి బంతిలా తిరుగుతూనే ఉంటుంది.

అన్నట్టు, ఇంటర్వ్యూల్లో కాంకరెంట్ హాష్‌మ్యాప్ గురించి అడిగితే "16 సెగ్మెంట్లు" అని ఇప్పటికీ గడగడా చెప్పేవాళ్ళున్నారు. అది 2004లో జావా 5తో వచ్చిన డిజైను. 2014లో జావా 8లో దాన్ని పక్కనపెట్టి బకెట్టు స్థాయిలో తాళం వేసే పద్ధతికి మారారు. అమీర్‌పేట నోట్సు మాత్రం మారలేదు. మామూలు హాష్‌మ్యాప్‌ని రెండు థ్రెడ్లు ఒకేసారి పెద్దది చెయ్యబోతే లోపలి గొలుసు తన తోకని తనే పట్టుకుని, గెట్ ఎప్పటికీ తిరిగిరాకుండా తిరిగేది పాత వెర్షన్లలో. జావా 8లో ఆ సర్దే పద్ధతి మార్చారు గానీ ఇప్పటికీ అది పలు థ్రెడ్ల కోసం చేసింది కాదు. ఈ తప్పు బెంచ్‌మార్కులో దొరకదు కూడా. వెయ్యిసార్లు బాగా నడిచి, సంక్రాంతి సెలవుల్లో ప్రొడక్షన్లో ఇరుక్కుంటుంది.

తెలుగు కీలతో కొలిచి చూడండి, ఇంకో తమాషా ఉంది. జావా స్ట్రింగ్ హాష్ అంటే ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని 31తో గుణించి తర్వాతి సంకేతం కలుపుకుంటూ పోవడమే. తెలుగులో గ 3095, ఏత్వం 3143, ఘ 3096, న 3112. లెక్కేస్తే "గే"కీ "ఘన"కీ రెండింటికీ 99088 వస్తుంది. అందుకని "గేము", "ఘనము" రెండూ జావా దృష్టిలో ఒకే బకెట్టు. గుణింతపు గుర్తులకీ హల్లులకీ మధ్య సరిగ్గా 31 తేడా ఉన్న జతలు తెలుగులో బోలెడున్నాయి, కాబట్టి ఇంగ్లీషు పదాలతో తీసిన గ్రాఫు తెలుగు నిఘంటువుకి వర్తిస్తుందని అనుకోవడానికి లేదు. యూటీఎఫ్-8లో అయితే ప్రతి తెలుగు సంకేతానికీ మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. వేగం కోసం మొదటి ఎనిమిది బైట్లే చూసే తెలివైన హాష్ ఒకటి రాశారనుకోండి, అది చూసేది మూడు సంకేతాలు కూడా కాదు.

ఈ రెండు గొడవలూ ఒకచోట కలుస్తాయి, నన్ను నిజంగా భయపెట్టేది అదే. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. ఏ బ్రౌజరైనా రెండింటినీ ఒకేలా చూపించాలి, చాలావరకూ చూపిస్తుంది. హాష్ టేబుల్‌కి మాత్రం అవి రెండు వేరువేరు పేర్లు. "సైదులు" అనే రైతు పేరు ఒక ఆఫీసులో ఒకలా, ఇంకో ఆఫీసులో ఇంకోలా ఎక్కిందనుకోండి. తెరమీద గుమాస్తాకి రెండూ సైదులే. వెతికితే "రికార్డు లేదు" అని వస్తుంది. ఆయన మళ్ళీ బస్సెక్కి రావాలి, ఏం తప్పుందో గుమాస్తాకీ తెలీదు. దీనికి మందు తేలికే, టేబుల్లో పెట్టేముందూ వెతికేముందూ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చుకోవడం. అది కూడా "బస్" లాంటి మాట చివర పొల్లు తర్వాత కీబోర్డు వదిలివెళ్ళిన కనపడని సంకేతాన్ని తీసెయ్యదు, దానికి వేరే శుభ్రం చేసుకోవాలి. ఈ పని చేశాక వేగం ఎంత తగ్గిందో కొలిస్తే ఆ బెంచ్‌మార్క్ నేను కూర్చుని చదువుతాను.

గేము, ఘనము లాంటి జతలు ఇంకా వెతుకుతున్నాను. మొన్న ఇంకోటి దొరికింది: వృకం, శతకం. సుమతీ శతకానికీ తోడేలుకీ జావాలో ఈ చుట్టరికం ఉందని ఎవరనుకుంటారు!