లంబసింగి చలి సరే, వాన మాటేమిటి?

డిసెంబరు వచ్చిందంటే లంబసింగి పేపర్లకెక్కుతుంది. పాదరసం ఎంతకు పడింది, పొగమంచులో ఎన్ని కార్లు బారులు తీరాయి, ఇవే వార్తలు. ఆ చలికి మూలం నేల మీద తిష్ఠవేసే అధిక పీడనం: మబ్బు లేని రాత్రి, పొడి గాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్తారు. అది ఏ వానకు పూసిందో అడిగేవాళ్లుండరు.

చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తునున్న ఈ ఊరికి కూడు పెట్టేవి సముద్రం మీది అధిక పీడనాలు.

వేసవిలో బంగాళాఖాతం మీది అధిక పీడనం చుట్టూ గాలి సవ్యదిశలో తిరుగుతూ తేమను కొండలకు తోస్తుంది. పడమటి నుంచి పొడి గాలి ఎదురైతే మధ్యాహ్నానికి ఉరుములు, జల్లు. ఆ జల్లు పడ్డ పది రోజుల్లోపే కాఫీ మొగ్గ తెల్లగా విచ్చుకుంటుంది. జల్లులు చెదిరితే పూత విడతలవుతుంది, పండు కూడా అంతే. కోతకు మళ్లీ మళ్లీ తోటలోకి దిగాల్సిందే.

జూన్ తర్వాత పగ్గాలు మడగాస్కర్‌కు తూర్పునున్న మాస్కరీన్ అధిక పీడనం చేతిలో ఉంటాయి. అది బలపడితే భూమధ్యరేఖ దాటే గాలి జోరందుకుని, నైరుతిగా మన మీదికి మళ్లుతుంది. ఈ సంగతి పాతదే. 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ రుతుపవన లెక్కల్లో హిమాలయ మంచుతోపాటు ఆ ప్రాంతంలోని మారిషస్ పీడనం కూడా ఉండేది.

ఇప్పుడు ఆ హిందూ మహాసముద్రమే వేడెక్కుతోంది. నేలకూ నీటికీ వేడిలో తేడా తగ్గితే గాలి నీరసిస్తుంది. తేమ మాత్రం పెరుగుతుంది. అందుకే రోజుల తరబడి ఎండ, ఆపై ఒక్కసారిగా కుంభవృష్టి. మధ్య భారతంలో 1950-2015 మధ్య విస్తృతంగా కురిసే అతిభారీ వానలు మూడింతలయ్యాయని పుణె శాస్త్రవేత్తలు 2017లో తేల్చారు. 2023 జూలైలో దేశం మొత్తమ్మీద సగటును మించి కురిసింది. ఆగస్టు మాత్రం 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. సీజన్ మొత్తం లెక్క 94 శాతం! కాగితం మీద ఆరు శాతమే లోటు. ఆగస్టులో వాడిన వరి నారుకు ఆ సగటుతో ఏం పని?

కొండ రైతుకు కావలసింది సీజన్ సగటు కాదు, వచ్చే పది రోజుల కబురు. గెడ్డగెడ్డకూ వర్షమాపకం పెట్టాలి. వాన విరామాల సూచన కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు భాషల్లో ఊళ్లకు చేరాలి. చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, పాడేరులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. వచ్చే కాఫీ పూతకు ముందే ఈ రెండూ కలిసి పని మొదలుపెట్టాలి.