పిట్టల నోటుబుక్కు

క్యాంపస్ ఇంటర్వ్యూలో "హాబీస్ ఏంటి?" అని అడిగితే "పాటలు వినడం, పుస్తకాలు చదవడం" అని చెప్పి బయటపడ్డాను. మా బ్యాచ్‌లో సగం మంది అదే చెప్పుంటారు. నిజానికి నాకూ ఒక హాబీ ఉండేది. కాకపోతే అది అప్పటికి అటక మీద ఉంది.

ఆరో తరగతిలో తాతయ్య నన్ను సైకిలెక్కించుకుని గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి తీసుకెళ్ళాడు. నీళ్ళ మధ్య తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. వాసన మాత్రం అడక్కండి! "ఎన్నుంటాయి తాతయ్యా?" అంటే "లెక్కపెట్టి నువ్వే చెప్పరా" అన్నాడు. నూట నలభై దాకా వచ్చేసరికి ఓ గుంపు లేచిపోయింది. ఆ తప్పుడు లెక్కనే నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. తర్వాత మా పెరట్లో గోరింక, పికిలిపిట్ట, జెముడుకాకి అన్నీ అందులోకి ఎక్కాయి.

సలీం అలీ కథ కూడా ఇలాంటి చిన్న సంగతితోనే మొదలైంది. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ! ఇదేం పిట్టని అడిగితే మేనమామ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ కసురుకోకుండా పిట్ట పేరు చెప్పి, బీరువాలు తెరిచి సొసైటీ సేకరించిన పక్షులన్నీ చూపించాడు. 1987లో తొంభై ఏళ్ళ వయసులో పోయేదాకా ఆయన ఆ పిట్టల్ని వదల్లేదు. ఆ రోజు మిల్లార్డ్ "పనుంది, పో బాబూ" అనుంటే?

మా ఇంట్లో ఆ మాట ఇంటర్‌లో వచ్చింది. "ఎంపీసీ వాడికి పిట్టలెందుకురా? ఎంసెట్ అయ్యాక చూద్దువుగానిలే" అని నాన్న నోటుబుక్కు అటకెక్కించారు. తప్పు ఆయనదేం కాదు. ఎంసెట్ అయింది, ఇంజనీరింగూ అయింది, నేనే దించలేదు.

2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే ఆఫీసు. కాల్‌లో ఉంటే బయట ఒకటే "టుక్, టుక్, టుక్". ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు. వెతగ్గా వెతగ్గా కనబడింది. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుట ఎర్రబొట్టు, కంసాలిపిట్ట. ఆ సాయంత్రం అటకెక్కాను. చెదలు తిన్నది పోగా మిగిలిన ఓ పేజీలో నా ఏడో తరగతి దస్తూరీ: "పేరు తెలీదు. టుక్ టుక్ అంటుంది. కనపడదు."

అక్కణ్ణుంచి మళ్ళీ పట్టుకుంది. బైనాక్యులర్స్ కొన్నాను. హైదరాబాద్ వచ్చాక ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు. సాఫ్ట్‌వేర్ బుద్ధి ఊరుకోదుగా, ఎక్సెల్ షీటు, టార్గెట్లు, ఏడాదికి ఇన్ని జాతులని లెక్క! ఓసారి వెంట వచ్చిన ఫ్రెండు "అది ముక్కుతో ఏం చేస్తోంది?" అనడిగాడు. నేను టిక్కు పెట్టేసి అప్పటికే పక్క చెట్టుకి వెళ్ళిపోయాను. ఆరో తరగతిలో అయితే అక్కడే గంట కూర్చునేవాణ్ణి. ఆ షీటు ఇంకా ఉంది గానీ, ఇప్పుడు ఒక్క పిట్ట దగ్గర ఎంతసేపైనా కూర్చుంటున్నాను.

నాన్న పోయినేడాది రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసు తప్ప ఇంకో ధ్యాస లేని మనిషి. పొద్దున్నే తయారై, ఎక్కడికెళ్ళాలో తెలీక హాల్లో కూర్చుంటున్నారని అమ్మ ఫోన్‌లో చెప్పేది. ఆయన్ని చూస్తే నా అరవయ్యో ఏడు గుర్తొచ్చి భయమేసేది.

మొన్న ఫిబ్రవరిలో ఆయనే ఫోన్ చేశారు. "ఒరేయ్, మునగకొమ్మకి డ్రిల్లింగ్ మిషన్ పెట్టినట్టు గుండ్రంగా బెజ్జం పడిందిరా. కింద పొట్టు రాలుతోంది."

"కంసాలిపిట్ట నాన్నా. గూడు తొలుస్తోంది."

వారం తర్వాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నా పాత నోటుబుక్కులో ఖాళీ పేజీ, ఆఫీసు రిజిస్టర్‌లా గీతలు కొట్టి, ఆయన చేతిరాత: "ఉ. 6.10 – ఒకటి లోపలికి. ఉ. 6.35 – రెండోది వచ్చింది, మొదటిది బయటికి. ఆడదో మగదో తెలియుట లేదు."