కోడి కన్ను వాచినచో ముందు గూడు చూడుడు

కోడి కంటితో చూచి మేత ఏరుకొను ప్రాణి. రెండు కన్నులును మూసికొనిపోయినచో గింజలు ముందున్నను ఆకలితో చచ్చును. దానితో ఇల్లాలి గుడ్ల రాబడియు పోవును. కనుక ఇంటివద్దనే వైద్యము మొదలిడుట సబబే. కాని కన్ను మాత్రము కడిగి గూటిని మరచుట పొరపాటు.

రాత్రి మూసిన గూటిలో తడి రెట్టనుండి వెలువడు అమ్మోనియా ఘాటు కోళ్ళ కన్నులను చెరచును. తెల్లవారి తలుపు తీసినపుడు మీ కన్నే మండినచో కారణము తెలిసినట్లే. రెట్ట ఎత్తి, పొడి ఊక పరచి, గాలి ఆడునట్లు చేయుడు.

జబ్బుకోడిని విడిగా ఉంచుడు. లీటరు నీరు కాచి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు, అనగా చిన్న చెంచాతో చెంచాన్నర, కలిపి, శుభ్రమైన దూదితో రోజుకు 2, 3 సార్లు కన్ను తుడిచి, మీ చేతులు సబ్బుతో కడుగుకొనుడు. విటమిన్ ఎ లోపించినను కన్ను చెడును. మునగాకు, తోటకూర పెట్టుడు. సున్నము, పొగాకు రసము, మనుష్యుల కంటిమందు వేయరాదు.

2 దినములలో తగ్గకున్నను, ముక్కు కారి ముఖము వాచినను, జుట్టుపై పొక్కులు లేచినను అది కొరైజాయో మశూచియో కావచ్చును. వెంటనే పశువైద్యునికి చూపుడు. కోళ్ళు వరుసగా చచ్చుచున్నచో వాటిని తాకక కబురు పంపుడు.

అన్నిటికంటె పెద్ద తప్పు జబ్బుకోడిని సంతలో అమ్మివేయుట. మీకు దక్కు నాలుగు రూపాయలకై పొరుగూరి గూళ్ళు ఖాళీ కావచ్చును. గ్రామాధికారులు ఈ అలవాటును మాన్పింపవలెనని నా మనవి.