పుట్టబోయే బిడ్డతో కబుర్లు

ఈ నెల ఇంటి సంగతే రాస్తున్నాం. ఇంగ్లండులో గర్భిణులకు 18 నుంచి 21 వారాల మధ్య చేసే స్కానులో మా బిడ్డ గుండెలో చిన్న రంధ్రం కనిపించింది. ఇటువంటివి చాలామటుకు వాటంతటవే పూడిపోతాయనీ, కాకుంటే ఆపరేషన్ ఉందనీ డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. అయినా నిద్ర పట్టలేదు.

బెజవాడ నుంచి కాబోయే అమ్మమ్మగారు గజేంద్ర మోక్షం చదువుకోమన్నారు. మొదట రంధ్రం పూడాలని మొక్కుకున్నాం. ఇప్పుడు, ఏమైనా ఆ బిడ్డను చక్కగా పెంచుకొనే ధైర్యమిమ్మని అడుగుతున్నాం.

ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుని మాటలు విన్నాడట. అందుకే రోజూ సాయంత్రం మా బిడ్డకు తెలుగులో కబుర్లు చెబుతున్నాం. ఇంకా 12 వారాలుంది. ఇటువంటి కబురు విన్న దంపతులెవరైనా ఉంటే మా ఇంటికి రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం.