హరిత చట్టం... భారం ఎవరి నెత్తిన?
తెల్ల కాగితం ఒప్పందాలతో కాంట్రాక్టర్లకు పొంచి ఉన్న చిక్కులు

జంగారెడ్డిగూడెం: మెట్ట ప్రాంతానికి వ్యాపార కేంద్రమైన జంగారెడ్డిగూడెంలో కల్యాణ మండపం కట్టాలన్నా, ఆసుపత్రి లేపాలన్నా యజమాని ముందుగా చూసుకునేవి నాలుగే. స్థలం, బ్యాంకు రుణం, ప్లాను, నమ్మకమైన మేస్త్రీ. ఐదోది కూడా ఒకటుంది. అది భవనం ఎంత కరెంటు తాగుతుందన్న లెక్క. ఈ లెక్క చట్టబద్ధమై పదేళ్లు దాటినా నిర్మాణ రంగంలో ఉన్నవారిలోనే చాలామందికి దాని సంగతి తెలియదు.

2014 జనవరి 28న ఉమ్మడి రాష్ట్ర పురపాలక శాఖ 30వ నంబరు జీవో జారీ చేసింది. కేంద్రం 2007లో తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళిని రాష్ట్ర పరిస్థితులకు తగినట్లు మార్చి భవన నిబంధనల్లో చేర్చింది. వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో, అంటే సుమారు 25 సెంట్లలో కట్టే వాణిజ్య భవనాలకు, లేదా 2 వేల చదరపు మీటర్ల నిర్మాణానికి ఇది వర్తిస్తుంది. ఇంతవరకు చదివి, ఇది ఏలూరు, విజయవాడల గొడవ అనుకుంటే పొరపాటే. ఆసుపత్రులు, హోటళ్లు, మల్టీప్లెక్సులు, కన్వెన్షన్ సెంటర్లకు విస్తీర్ణంతో నిమిత్తం లేదని అదే జీవో చెబుతోంది.

మద్ది ఆంజనేయస్వామి క్షేత్రం, పారిజాతగిరి దగ్గరలో ఉండడంతో ఇక్కడ పెళ్లిళ్ల సందడి ఎక్కువ. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి ఏజెన్సీ గ్రామాల రోగులకు పెద్ద వైద్యమంటే ఈ పట్టణమే. పొగాకు సొమ్ము చేతికి వచ్చిన ఏడాది నిర్మాణాలూ జోరందుకుంటాయి. ఖమ్మం-దేవరపల్లి రహదారి రాకతో స్థలాల మీద ఆశలు మరింత పెరిగాయి. ఫలితంగా, 2011లో నగర పంచాయతీ హోదా పొందిన ఈ ఊళ్లో ఎక్కువగా లేచే పెద్ద కట్టడాలు సరిగ్గా జీవో పేరుపెట్టి చెప్పిన రకాలే.

సర్టిఫికెట్ వేరు, చట్టం వేరు

హరిత భవనం అనగానే హైదరాబాద్ గుర్తుకు రావడం సహజం. 2004 జులై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం అక్కడ ప్రారంభించిన సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం రేటింగు సాధించిన మొదటిది. దాని పేరుతోనే 'గ్రీన్ బిల్డింగ్' అన్న మాట తెలుగునాట వ్యాప్తిలోకి వచ్చింది. భారత హరిత భవన మండలి (ఐజీబీసీ) ఇచ్చే రేటింగు కానీ, గృహ రేటింగు కానీ స్వచ్ఛందం. కావాలనుకున్న వారు రుసుము కట్టి తెచ్చుకుంటారు. వద్దనుకున్న వారిని అడిగేవారు లేరు.

చట్టం సంగతి అలా కాదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టాన్ని పార్లమెంటు 2022లో సవరించగా, అది 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వంద కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గల కార్యాలయ, నివాస భవనాలను కూడా నియమావళి పరిధిలోకి తెచ్చే వీలు కల్పించింది. అవసరమైతే రాష్ట్రాలు ఈ పరిమితిని తగ్గించుకోవచ్చు. ఉల్లంఘనకు గరిష్ఠంగా 10 లక్షల రూపాయల జరిమానా, దానిని కొనసాగిస్తే రోజుకు మరో 10 వేల వరకు విధించవచ్చు. విచారించేది మున్సిపల్ కమిషనర్ కాదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నియమించే న్యాయనిర్ణయాధికారి.

'మా భవనానికి రేటింగు ఉంది కనుక చట్టం అక్కర్లేదు' అనుకోవడం ఒక పొరపాటు. 'రేటింగు తీసుకోలేదు కనుక మాకు ఏ చట్టమూ లేదు' అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇక్కడ రెండోదే ఎక్కువ.

నియమావళి అడిగేవి గొంతెమ్మ కోర్కెలేమీ కావు. ఎండను తిప్పికొట్టే పైకప్పు, వేడిని ఆపే గోడ, కిటికీ అద్దాల కొలత, దీపాల వాటేజీ, ఏసీల సామర్థ్యం వంటివే. మందపాటి మట్టిగోడలతో, వాసాల మీద పెంకులు పరిచి కట్టిన మెట్ట ఇళ్లకు ఇందులో సగం పరీక్ష పెట్టనక్కర్లేదు. పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దాలు బిగించి, లోపల టన్నుల కొద్దీ ఏసీలు పెట్టే నేటి ముఖద్వారాలతోనే చిక్కంతా.

యజమానిని అడిగితే... మేస్త్రీని చూపిస్తాడు

చట్టం బాధ్యుడిగా చెప్పేది భవన యజమానిని లేదా అనుభవదారును. అద్దె భవనంలో ఆసుపత్రి నడుపుతున్న వైద్యుడు కూడా అనుభవదారే. కట్టిన కాంట్రాక్టరు పేరు ఆ వాక్యంలో లేదు. అలాగని కాంట్రాక్టరు ఊపిరి పీల్చుకోవడానికి వీల్లేదు. యజమానికి నోటీసు వచ్చిన రోజున అతను నేరుగా చూసేది కట్టినవాడి వైపే. ఇద్దరి మధ్య ఏం రాసుకున్నారన్నది అప్పుడే తేలాలి.

ఈ ప్రాంతంలో రాసుకునేది చాలా తక్కువ. లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా, చదరపు అడుగుకు ఎంత, స్లాబుకు ఎంత ఇవ్వాలి, రంగులు ఎవరివి అన్న మాటలు తెల్ల కాగితంపై అర పేజీలో అయిపోతాయి. కొన్నిచోట్ల ఆ కాగితం కూడా ఉండదు, అడ్వాన్సు చేతిలో పెట్టడమే ఒప్పందం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం నోటిమాట ఒప్పందాన్ని కొట్టివేయదు, నష్టపరిహారం అడిగే హక్కు అందులోనూ ఉంటుంది. రుజువు చేయడమే కష్టం. ప్లానులో పైకప్పుకు వేడి నిరోధక పొర చూపించి ఉండవచ్చు. చివర్లో డబ్బు చాలక యజమానే 'ప్రస్తుతానికి వదిలెయ్యి' అని ఉండవచ్చు. మూడేళ్ల తరువాత ఆ మాట ఎవరన్నారో చెప్పే సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

ఈ తలనొప్పి మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో క్రిస్‌ఫీల్డ్ అనే చిన్న ఊరిలో 23 ఫ్లాట్ల భవనానికి లీడ్ సిల్వర్ ప్రమాణంతో నిర్మాణమని ఒప్పందంలో రాసుకున్నారు. గడువులోగా ధ్రువీకరణ తెచ్చే బాధ్యత ఎవరిదో మాత్రం రాయలేదు. యజమానికి రావలసిన 6 లక్షల 35 వేల డాలర్ల పన్ను రాయితీ చేజారింది. బకాయిల కోసం కాంట్రాక్టరు కోర్టుకు వెళ్తే, ఆ రాయితీ నష్టం నువ్వే కట్టాలంటూ యజమాని ఎదురు దావా వేశాడు. చివరకు తీర్పు రాకుండానే రాజీ కుదిరింది. హరిత భవనాలపై తొలి వ్యాజ్యంగా న్యాయవాదులు ఇప్పటికీ చెప్పుకునే ఆ కేసులో తగాదా అంతా ఒక్క వాక్యం లేకపోవడం మీదనే. లిఖితపూర్వక ఒప్పందం ఉన్నచోటే అలా అయితే, అర పేజీ కాగితంతో సరిపెట్టుకునే చోట పరిస్థితి ఊహించుకోవచ్చు.

ప్లానుపై సంతకం చేసే లైసెన్సు సాంకేతిక నిపుణుడి స్థితి మరీ ఇరకాటం. నిబంధనలన్నీ పాటించినట్లు ధ్రువీకరించేది అతనే. కట్టేటప్పుడు రోజూ అక్కడ ఉండేది మాత్రం అతను కాదు. తేడా తేలితే లైసెన్సు పోయేది అతనిదే.

ఇటుక దగ్గరే మొదలు

ఒప్పందాల్లో ఎవరూ పట్టించుకోని మరో అంశం బూడిద ఇటుక. బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాల్లో బూడిదతో చేసిన ఉత్పత్తులు వాడడం తప్పనిసరని, వాటి ధర ప్రత్యామ్నాయం కంటే ఎక్కువ కాకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది. వాడకపోతే చదరపు అడుగుకు 75 రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం చెల్లించాలని అందులో పేర్కొంది. ఇబ్రహీంపట్నంలోని విజయవాడ థర్మల్ కేంద్రం, పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం రెండూ జంగారెడ్డిగూడేనికి ఆ దూరంలోపే ఉన్నాయి. పదివేల చదరపు అడుగుల మండపాన్ని ఎర్ర ఇటుకతో కట్టి, ధర సాకు నిలవకపోతే లెక్క ఏడున్నర లక్షలకు చేరుతుంది. ఎర్ర ఇటుకే గట్టిదన్న యజమాని పట్టుదల సంగతి ఒప్పందంలో కనపడదు కదా.

ఇంకుడు గుంతలదీ ఇదే దారి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం 200 చదరపు మీటర్లకు తగ్గని ఆవరణల్లో వాన నీటిని ఇంకించే ఏర్పాటు చేయించవచ్చు. యజమాని చేయకపోతే అధికారులే చేయించి ఖర్చు రాబట్టవచ్చు. పంచాయతీ పొలిమేర దాటి కడితే నిబంధనలు వర్తించవన్న నమ్మకం చాలామందిలో ఉంది. వాల్టా రాష్ట్రమంతటికీ వర్తించే చట్టం. బోర్ల మీదే బతికే మెట్టలో దీనికున్న విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయినా గుంత తవ్వి ఫొటో తీసి, బిల్లు అయ్యాక చెత్తతో పూడ్చేయడం అలవాటైపోయింది.

పెద్ద సంస్థలకు పెద్ద దెబ్బ

20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. పుణేకు చెందిన గోయల్ గంగా కేసులో అనుమతికి మించి కట్టినందుకు వంద కోట్ల రూపాయలు లేదా ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది చెల్లించాలని సుప్రీంకోర్టు 2018 ఆగస్టు 10న ఆదేశించింది. విద్యాసంస్థలకు, పారిశ్రామిక షెడ్లకు ఈ అనుమతి నుంచి కేంద్రం 2025 జనవరిలో ఇచ్చిన మినహాయింపును అదే ఏడాది ఆగస్టు 5న సుప్రీంకోర్టు కొట్టివేసింది. జిల్లాలో ఏటేటా కొత్త బ్లాకులు లేపుతున్న కళాశాలల యాజమాన్యాలు దృష్టి పెట్టవలసిన తీర్పు ఇది.

కట్టేసి తరువాత అనుమతి తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నపై న్యాయస్థానమే ఊగిసలాడింది. అలా చెల్లదని 2025 మే 16న ఇచ్చిన తీర్పును నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2-1 మెజారిటీతో వెనక్కు తీసుకుంది. ఆరు నెలల్లో రెండు మాటలు. కోట్లు అప్పు తెచ్చి పునాది తీసినవారు ఏ మాటను నమ్ముకోవాలి? నిర్మాణదారుల ఈ ఆవేదనలో న్యాయం లేకపోలేదు. చట్టం కఠినంగా ఉంటే దానికి తగ్గట్టు లెక్క వేసుకోవచ్చు, అటూ ఇటూ ఊగితే వేసుకోలేరు.

ఫ్లెక్సీ మీద 'గ్రీన్'

పచ్చటి ఆకు బొమ్మతో 'గ్రీన్', 'ఎకో' అంటూ రోడ్ల వెంట కనిపించే ఫ్లెక్సీలు కూడా ఇకపై తేలికగా తీసుకునేవి కావు. ఆధారం లేని పర్యావరణ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరు 15న మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల చట్టం కింద 10 లక్షల వరకు జరిమానా ఉంది. 500 చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్ల పరిమితి దాటిన ప్రాజెక్టులైతే రెరా కూడా ఉంది. కరపత్రంలో చెప్పింది లేదని తేలితే కొనుగోలుదారు వడ్డీతో సొమ్ము వెనక్కు అడగవచ్చు. నిర్మాణ లోపాలకు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల వరకు బాధ్యత నిర్మాణదారుదే. సోలార్ హీటర్ ఉందని చెప్పి పైపు మాత్రం వేసి వదిలేసినా ఈ లెక్కలోకే వస్తుంది.

అన్నిటికంటే దగ్గరలో ఉన్న ముప్పు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. నిర్ణీత పరిమితి దాటిన భవనాల్లో పది శాతం నిర్మాణాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. సర్టిఫికెట్ వస్తేనే విడుదల. అది లేని భవనాలకు రెగ్యులర్ కనెక్షన్లు ఇవ్వరాదని, ఇస్తే మూడు రెట్లు వసూలు చేయవచ్చని 2012 నాటి 168వ నంబరు జీవోలోనే ఉంది. జరిమానా నోటీసు ఎప్పటికో రావచ్చు. సర్టిఫికెట్ ఆగితే మాత్రం బ్యాంకు వాయిదా వచ్చే నెలే మొదలవుతుంది. యజమాని కాంట్రాక్టరు ఆఖరి బిల్లును ఆపేదీ అప్పుడే. ఆ బిల్లు మీద ఆధారపడి ఉన్నది సెంట్రింగు కూలీల నుంచి రాడ్‌బెండింగు పనివారి వరకు పదుల కుటుంబాలు.

నిబంధనలు చెప్పవలసిన యంత్రాంగం కూడా వాటిని జనం భాషలోకి తేలేదు. నియమావళి సాంకేతిక పట్టికలు ఆంగ్లంలో ఉన్నాయి. వాటిని చదవవలసిన మేస్త్రీ తెలుగులో కొలతలు రాసుకునేవాడు. పట్టణ ప్రణాళిక విభాగం ప్లాను మంజూరు చేసే రోజునే, ఏ భవనానికి ఏవి వర్తిస్తాయో ఒక పేజీ తెలుగులో ముద్రించి ఇవ్వడానికి కొత్త జీవో అవసరం లేదు. ఆ పేజీనే యజమాని, కాంట్రాక్టరు సంతకాలతో ఒప్పందానికి జత చేసుకుంటే, పైకప్పు పొర ఎవరి ఖర్చు, ఇటుక ఎవరి ఎంపిక, గుంత ఎవరి పని అన్నది పునాదికి ముందే తేలిపోతుంది. కూల్చివేత వ్యర్థాలపై కేంద్రం 2025లో తెచ్చిన కొత్త నిబంధనలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించింది. పాత భవనం పడగొట్టి కొత్తది కట్టేవారు ఆ శిథిలాలను ఎక్కడికి చేర్చాలన్నది కూడా అదే పేజీలో రాసుకోవలసి ఉంటుంది.