అత్తయ్య ఎందుకు వద్దంది?



కిందటి ఏడు మా మేనత్తకు గుండె బలహీనపడిందని తెలిసి, కోయంబత్తూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో చూపించాము. కొత్త మందును పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని అక్కడ అడిగారు. పదిహేను పేజీల కాగితాలు చేతికిచ్చారు. అన్నీ ఇంగ్లీషు, తమిళం. అత్తయ్య సంతలో తమిళం మాట్లాడుతుంది గాని చదవలేదు. ఇంట్లో మాట తెలుగే. ఆ అక్షరాలూ రావు.

"ఏమి రాసిండారో తెలియకుండా వేలిముద్ర ఎట్ల వేసేది నాయనా? పదిహేను దినాలకొకసారి బస్సెక్కి ఎవరితో వచ్చేది?" అంది. వద్దని చెప్పి వచ్చేశాము.

ఆమె మాటలో న్యాయముంది. కాని అటువంటివారు లేకుండా పరీక్షించిన మందు వారికి ఎలా పనిచేస్తుందో ఎవరికి తెలుస్తుంది? 1980లలో అమెరికాలో ఆస్పిరిన్ మీద జరిగిన పెద్ద పరీక్షలో 22,071 మంది ఉన్నారు. అందరూ వైద్యులే, అందరూ మగవారే. వారిలో గుండెపోట్లు తగ్గాయి. ఆడవారి మీద విడిగా జరిగిన పరీక్ష ఫలితం 2005లో వచ్చింది. వారిలో పక్షవాతం కొంత తగ్గింది గాని, మొత్తం మీద గుండెపోట్లు తగ్గలేదు. (ఇది చదివి ఎవరూ డాక్టరునడగకుండా మందు మానకండి.)

దూరాభారానికి ఇప్పుడు ఉపాయముంది. 2020లో అమెరికాలో మొదలైన ఒక ట్రయల్‌లో అంగీకారం ఫోనులోనే. మందు ఇంటికే వచ్చింది. నడిచిన అడుగులను మణికట్టు పట్టీ లెక్కపెట్టింది. చేరిన 476 మందిలో నూటికి 45 మంది ఆడవారు. అయితే స్మార్ట్‌ఫోను లేనివారు దానికీ దూరమే.

మన పశ్చిమ గోదావరి జిల్లాలో మరో దారి తొక్కారు. 54 పల్లెల్లో ఆశా కార్యకర్తలే టాబ్లెట్లు పట్టుకొని ఇళ్ళకు వెళ్ళి రక్తపోటు చూశారు. 2019లో ప్రకటించిన ఫలితం ప్రకారం రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా, ఫోను లేని ఇంటి గడప దాకా పరీక్ష వెళ్ళగలదని తేలింది.

చదవలేనివారికి సాక్షి ఎదుట వివరించాలని మన దేశంలో 2019 నియమాలు చెబుతున్నాయి. మనలో చాలామందికి తెలుగు చెవికే వస్తుంది, కంటికి రాదు. కాబట్టి తెలుగులో అచ్చు వేస్తే చాలదు. రికార్డు చేసిన తెలుగు మాట వినిపించాలి. ఇంటికి తీసుకొచ్చి నలుగురూ మళ్ళీ మళ్ళీ వినేటట్టు ఉండాలి. మీ ఇంట్లో పెద్దలను ఎవరైనా ఇలా అడిగితే, ముందు అది అడగండి. ఆ రోజు నాకు తోచలేదు.