గోరంత దీవి, కొండంత సముద్రం

పసిఫిక్ మహాసముద్రంలో, మెక్సికో తీరానికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరాన క్లిప్పర్టన్ అనే దీవి వుంది. నేల సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. కాపురముండే మనిషి వొక్కడూ లేడు. పీతలు, సముద్రపక్షులు, కాసిని కొబ్బరిచెట్లు – అంతే సంసారం. దానికోసం ఫ్రాన్సూ మెక్సికో తగవుపడితే, ఇటలీ రాజు మధ్యవర్తిగా కూర్చుని, 1931లో అది ఫ్రాన్సుదేనని తీర్పు చెప్పాడు. ఇంత పీతలదిబ్బకు అంత పంచాయితీయా అని మీరు నవ్వవచ్చు.

ఇప్పుడు నవ్వడానికి వీల్లేదు సుమండీ! 1982 నాటి సముద్రచట్టపు ఒడంబడిక ప్రకారం, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, అనగా 370 కిలోమీటర్ల దాకా, చేపలూ అడుగునున్న ఖనిజాలూ తీరం కలవారివే. ఓడలు మాత్రం ఎవరివైనా పోవచ్చు. దీవి చుట్టూ అంత దూరాన గుండ్రంగా గీత గీస్తే ఎంత వస్తుందా అని నేను కాగితం మీద లెక్కవేసి చూశాను. 4 లక్షల 30 వేల చదరపు కిలోమీటర్లు! మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2 లక్షల 75 వేలే.

ఇలాంటి దీవులవల్లనే ఫ్రాన్సు సముద్రం కోటి చదరపు కిలోమీటర్లు దాటింది. పదింట తొమ్మిది పాళ్లకు పైగా స్వదేశానికి ఎంతో దూరాన వున్నదే. ఒక్క ఫ్రెంచి పోలినీషియాదే దాదాపు సగం. అన్నట్లు, 1954 దాకా మన యానాంను ఏలినవారూ వీరే.

చట్టంలో మెలిక లేకపోలేదు. మనుషులు బతకలేని, సొంత జీవనాధారం లేని వట్టి రాతిగుట్టకు ఈ హక్కు లేదు. అందుకే బ్రిటన్ 1997లో రాకాల్ అనే గుట్ట పేరిట చెప్పుకున్న 200 మైళ్లను వదులుకుంది. క్లిప్పర్టన్ విషయంలో ఫ్రాన్సు మాత్రం వదలలేదు.

నన్నడిగితే అసలు ప్రశ్న వేరు. ఆ చేపల డబ్బు ఎవరింటికి చేరుతుంది? కిరిబాటి దీవులు 1979 దాకా బ్రిటిషువారివి, ఇప్పుడు స్వతంత్రదేశం. నేల 811 చదరపు కిలోమీటర్లే, సముద్రం 34 లక్షలు. పరదేశపు పడవలకు ట్యూనా చేపలు పట్టుకునే లైసెన్సులిచ్చి, ఆ సొమ్ముతో సర్కారు ఖర్చు చాలావరకు గడుపుకుంటోంది. స్వాతంత్ర్యం రాకపోతే ఆ సముద్రం లండన్ ఖాతాలో వుండేది గదా! ఒడంబడిక రాసినవారు కూడా, స్వాతంత్ర్యం గాని స్వపరిపాలన గాని లేని ప్రాంతాల హక్కులను అక్కడి ప్రజల మేలుకే వాడాలని తీర్మానించారు.

పెరటిచెట్టు కాపు ముందు ఇంట్లోవాళ్లకు దక్కాలి. దీవిలోని బెస్తవాడికి ఎంత దక్కిందో తెలిశాకనే, ఏ దేశపు సముద్రం ఎంత పెద్దదో నేను మెచ్చుకునేది.